బంగారమ్మ గారు ఎక్కని డాబాలు

పాత టీవీ వేడెక్కేటప్పుడు ఒక వాసన వస్తుంది. దుమ్ము కాలుతున్నట్టూ, ఇస్త్రీపెట్టె కింద తడిగుడ్డ ఆరుతున్నట్టూ ఉంటుంది. నిన్న సాయంత్రం చాలా ఏళ్ళ తర్వాత మా ముందుగదిలో ఆ వాసన వచ్చింది. తెర దగ్గరగా చెయ్యి పెడితే ముంజేతి మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. తెర నిండా చుక్కలు, గది నిండా బుస్సుమనే శబ్దం. మోకాలికి ఆపరేషన్ అయినప్పటి నుంచి నన్ను మెట్లెక్కవద్దన్నారు. గోడకు తగిలించే కొత్త టీవీ మేడమీద మా అబ్బాయి వాళ్ళ వాటాలో ఉంది. అందుకని అటక మీద పడున్న పాత సెట్టును దింపించాను. కొత్త డిష్ బాక్సు నుంచి ఎరుపు, తెలుపు, పసుపు రంగుల్లో మూడు తీగలు వస్తాయి. ఈ సెట్టు వెనక యాంటెన్నా కోసం ఒక్క రంధ్రమే ఉంది. మూడింటిని ఒకటి చేసే చిన్న డబ్బా ఒకటి బజారులో దొరికింది. తెచ్చి తగిలించాను గానీ, బొమ్మ ఏ ఛానెల్లో వచ్చి కూర్చుంటుందో తెలియదు. ముందువైపు చిన్న తలుపు తెరిచి, లోపలి పళ్ళచక్రాన్ని గోటితో తిప్పుతూ నిలబడ్డాను. మా కోడలు నవ్య రెండుసార్లు వచ్చి, "మీరు కూర్చోండి అత్తయ్యా, రేపు ఎవర్నైనా పిలుద్దాం" అంది. కూర్చోలేకపోయాను. ఇంట్లో అందరూ నా మంచికే కూర్చోమంటున్నారు. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు బంగారమ్మ గారు గుర్తొచ్చి, ఇంకాసేపు నిలబడాలనిపిస్తుంది.

ఆవిడ ఎవరో ఈ రోజుల్లో చోడవరంలో కూడా చాలామందికి తెలియదు. బస్టాండుకి వెళ్ళే దారిలో రేడియోలు బాగుచేసే సత్యం గారి భార్య. సత్యం గారు టీవీలు కూడా అమ్మడం మొదలుపెట్టిన రోజుల్లో, ఎవరింటి మీదో యాంటెన్నా బిగిస్తూ జారి కిందపడ్డారు. నడుం విరిగింది. ఆ తర్వాత ఆయన మంచం దుకాణం వెనక గదిలోనే వేశారు. ఎవరైనా పాడైన సెట్టు తెస్తే బంగారమ్మ గారు దుకాణంలో దాన్ని విప్పి, లోపల ఏం కనిపిస్తోందో గట్టిగా చెప్పేవారట. ఏ దీపం వెలుగుతోంది, ఏ తీగ నల్లబడింది, తెర మీద గీతలు నిలువుగా ఉన్నాయా అడ్డంగా ఉన్నాయా. ఆయన వెనక గదిలో మంచం మీంచే విని, ఏది మార్చాలో చెప్పేవారు. ఆవిడ సరిగా చెబితే ఆయన సరిగా చెప్పగలిగేవారు. ఆవిడ చూపులో ఏదైనా తప్పిపోతే ఆయనకి తప్పు సెట్టు కనిపించేది. అలా కొన్నాళ్ళు గడిచేసరికి ఆయన నోరు తెరవక ముందే ఆవిడ చెయ్యి వెళ్ళాల్సిన చోటికి వెళ్ళేది.

నేను ఆవిడను మొదటిసారి చూసింది మా అత్తవారింట్లోనే. పెళ్ళై ఏడాది కాలేదు. తొమ్మిదో తరగతితో చదువు ఆగిపోయింది. లెక్కలంటే ఇష్టమని ఎవరికీ చెప్పలేదు, చెప్పినా కొత్త కోడలికి దాంతో పనేముంది? మా మావయ్య చెరుకు తోలిన ఏడాది ఒకటి కలిసొచ్చి, సత్యం గారి దుకాణం నుంచి టీవీ తెప్పించారు. సత్యం గారు లేవలేరని తెలుసు కాబట్టి యాంటెన్నా సంగతి తానే చూసుకుంటానన్నారు. తాపీమేస్త్రిని పిలిచి డాబా మీద ఇనపగొట్టాన్ని బిగింపులో నిలబెట్టించారు. బొమ్మ విశాఖపట్నం టవరు నుంచి రావాలి. విశాఖపట్నం బస్సు మా ఊరి నుంచి అనకాపల్లి మీదుగా వెళ్తుంది. అందుకని యాంటెన్నాను చక్కగా అనకాపల్లి రోడ్డు వైపు తిప్పి బిగించారు. అప్పట్లో మా వైపు చాలా ఇళ్ళ మీద అలాగే ఉండేవి. ఏ డాబా చూసినా యాంటెన్నాలన్నీ బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టుండేవి.

తెర మీద చుక్కలు తప్ప ఏమీ రాలేదు. మావయ్య రెండు రోజులు చూసి, సెట్టే మంచిది కాదు, తీసుకుపొమ్మని కబురు పెట్టారు. మర్నాడు బంగారమ్మ గారు చేతిసంచితో నడిచి వచ్చారు. పొట్టి మనిషి, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, చెప్పులు గుమ్మం బయట విడిచీ విడవక ముందే చూపు డాబా మీదికి వెళ్ళింది. మంచినీళ్ళు ఇస్తే నిలబడే తాగారు. మెట్ల వైపు వెళ్ళబోతుంటే మావయ్య అడ్డం వచ్చారు.

"మా ఇంటి మీదకి పరాయి ఆడమనిషి ఎక్కడమేటమ్మా? మెట్ల పక్కనే దేవుడి గదున్నాది. ఊళ్ళో వాళ్ళు సూస్తే ఏటనుకుంటారు?"

ఆవిడ వాదించలేదు. కాసేపు మెట్లకేసి చూసి, "మరి మీ డాబా మీద మిరపకాయలు ఎవరు ఎండబెడతారు బాబూ?" అని అడిగారు.

మా అత్త నవ్వాపుకుంటూ, మా వరాలేనని నన్ను చూపించింది. వడియాలు, మిరపకాయలు, ఉతికిన దుప్పట్లు, అన్నీ మోసుకుని రోజూ ఆ మెట్లెక్కేది నేనే. ఇంటి కోడలు ఎక్కడానికి మావయ్యకు అభ్యంతరం ఏముంటుంది? బంగారమ్మ గారు సంచిలోంచి ఒక పానా తీసి నా చేతిలో పెట్టారు. "నువ్వు నా కళ్ళు. నాను నీకు టీవీ" అన్నారు. నాకేమీ అర్థం కాలేదు. కొంగు నడుముకి చుట్టుకుని మెట్లెక్కాను.

కింద కిటికీ దగ్గర నిలబడి ఆవిడ మావయ్యతో అంటున్నది నాకు వినిపిస్తూనే ఉంది. "బొమ్మ బస్సెక్కి అనకాపల్లి మీంచి రాదు బాబూ. తిన్నగా పొలాల మీంచి వస్తాది." తర్వాత నన్ను పిలిచి, పానాతో బిగింపు వదులు చేసి గొట్టాన్ని పొద్దు పొడిచే వైపుకి తిప్పమన్నారు. తిప్పాను. ఎంత తిప్పేవని అడిగారు. కొంచెం అన్నాను.

"కొంచెం అంటే ఎంతమ్మా? నాకు ఇక్కడ కనపడదు. మీ మావయ్య కొంచెం వేరు, నీ కొంచెం వేరు."

అప్పటిదాకా నా జీవితంలో ఎవరూ నన్ను ఎంత అని అడగలేదు. ఉప్పు ఎంత వేశావంటే సరిపడా అనేదాన్ని. ఎప్పుడొచ్చావంటే ఇందాక అనేదాన్ని. ఎవరికీ అంతకంటే అక్కర్లేదు. గొట్టాన్ని పట్టుకున్న నా చెయ్యి చూసుకున్నాను. చుట్టూ వేళ్ళు పేర్చి కొలిస్తే తొమ్మిది వేళ్ళు పట్టింది. అంటే ఒక వేలు తిరిగితే మొత్తం చుట్టులో తొమ్మిదో వంతు. గొట్టం మీద, కింది బిగింపు మీద నా నుదుటి కుంకుమతో గీత పెట్టుకుని మళ్ళీ తిప్పి, "వేలున్నర" అని అరిచాను. కింద ఒక్కసారిగా మాటలు వినిపించాయి. టీవీలో ఎవరో మాట్లాడుతున్నారు. మా అత్త గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చి, బొమ్మ వచ్చేసిందని నాకు చేతులు ఊపింది.

మావయ్య కుర్చీ లాక్కుని కూర్చున్నారు. బంగారమ్మ గారు మాత్రం కూర్చోలేదు. బొమ్మలో ప్రతి మనిషి పక్కనా పలచగా ఇంకో మనిషి కనిపిస్తున్నాడు. మావయ్య అది పట్టించుకోలేదు. "ఉంటే ఉన్నాదిలే. ఒక్క సెట్టు కొంటే ఇద్దరేసి మనుషులొచ్చేరు, లాభమే కదా" అని నవ్వారు. ఆవిడ నవ్వలేదు. తెర ముందు అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నారు. చివరికి మళ్ళీ కిటికీ దగ్గరకొచ్చి, "వరాలూ, అక్కడ ఏటేటి కనపడతన్నాయో సెప్పు. చుట్టూ తిరిగి సెప్పు. ఏదీ వదలకు" అన్నారు.

నేను చుట్టూ తిరిగి చెప్పాను. కొబ్బరిచెట్లు, సుగర్ ఫ్యాక్టరీ పొగగొట్టం, పడమరగా దూరంగా చీడికాడ కొండలు. అవతలి వీధిలో కొత్తగా కట్టిన నీళ్ళ ట్యాంకు. ట్యాంకు మాట రాగానే ఆవిడ ఆపారు. ఏ పక్కనుంది, ఎన్ని ఇళ్ళ అవతలుంది, మన డాబా కంటే ఎంత ఎత్తుంది, ఒకదాని తర్వాత ఒకటి అడిగారు. పెద్ద కొబ్బరిచెట్టుకు కుడిపక్కన, పదకొండు ఇళ్ళ అవతల, మన డాబా మీద ఇంకో రెండు డాబాలు వేస్తే ఎంతో అంత ఎత్తు అని చెప్పాను. బొమ్మ టవరు నుంచి తిన్నగా ఒకసారి వస్తోంది, ఆ ట్యాంకుకి తగిలి కొంచెం ఆలస్యంగా ఇంకోసారి వస్తోంది, పక్క మనిషి అక్కడి నుంచి వస్తున్నాడు. అది ఆవిడ కిందనుంచే తేల్చారు. యాంటెన్నాను ట్యాంకుకు ఎడంగా అర వేలు తిప్పించారు. బొమ్మ కాస్త మసకబారింది గానీ పక్క మనిషి పోయాడు. మావయ్యకు మసక నచ్చలేదు. అప్పుడావిడ, బొమ్మ వెలుగు పెంచుకోవచ్చు బాబూ, దొంగబొమ్మను తీసెయ్యడానికి మీ దగ్గర మీట లేదు అన్నారు. నిజంగానే వెలుగు పెంచితే సరిపోయింది.

భోజనం చెయ్యమని మా అత్త బలవంతం చేస్తే పెరట్లో మెట్ల మీద నాతో పాటు కూర్చున్నారు. ఆ పూట అంత మొండిగా ఎందుకు నిలబడ్డారో అప్పుడు చెప్పారు. అనకాపల్లిలో సెట్లు ఇచ్చే షావుకారు, మగమనిషి లేచి తిరగలేని దుకాణానికి సరుకు ఇవ్వడానికి వెనకాడుతున్నాడు. ఒక్క సెట్టు తిరిగొచ్చినా ఇక పంపనన్నాడు. అప్పుడు దుకాణం మూసెయ్యాలి. చీడికాడలో వాళ్ళన్నయ్య ఇద్దరికీ గది సిద్ధం చేసి పెట్టాడు.

"అన్నయ్య మంచోడే. వదినా మంచిదే. కానీ వరాలూ, అక్కడ నాకు పనుండదు. కూకోబెట్టి అన్నం పెడతారు. అలా ఎన్నేళ్ళు కూకోగలను సెప్పు?"

ఆ వయసులో కూర్చోబెట్టి అన్నం పెడితే బాగుండుననే నాకనిపించేది. కానీ ఆవిడ ముద్ద నోట్లో పెట్టుకుంటూనే మళ్ళీ డాబా వైపు చూశారు. ఆ చూపు నా మనసులో పడిపోయింది.

మా ఇంటి సెట్టు తిరిగి వెళ్ళలేదు. మావయ్యను చూసి మా వీధిలో ఇంకో ఇద్దరు కొన్నారు. వాళ్ళ డాబాలు కూడా ఆవిడ ఎక్కకూడదు. అక్కడా కోడళ్ళే ఎక్కారు. వడ్డాదిలో, చుట్టుపక్కల ఊళ్ళలో కూడా అదే పద్ధతి. ఆవిడ కింద టీవీ ముందు, ఆ ఇంటి కోడలో కూతురో పైన. ఎవర్నైనా ముందు చుట్టూ తిరిగి ఏం కనిపిస్తోందో చెప్పమనేవారు. ఆవిడ దగ్గర పనిచేసిన ఆడవాళ్ళందరికీ ఆ అలవాటు అంటుకుంది. నీళ్ళ రేవులో కలిస్తే మా డాబా మీంచి ఫలానాది కనిపిస్తుంది, మీకూ కనిపిస్తుందా అని ఒకర్నొకరు అడిగేవాళ్ళం.

ఒకరింట్లో రోజూ పొద్దున్న ఒక వేళకి బొమ్మ పోయేది, మధ్యాహ్నానికి వచ్చేది. ఆ ఇంటి అత్తగారు టవరు వాళ్ళే ఆపేస్తున్నారని తిట్టిపోసేది. బంగారమ్మ గారు ఆవిడ మాట వినలేదు, పైనున్న కోడల్ని అడిగారు. యాంటెన్నా నుంచి కిందికి దిగే రిబ్బనులాంటి బల్లపరుపు తీగ మీద ఇప్పుడేమున్నాయమ్మా అని. కోడలు అమాయకంగా, మా అత్త చీర, మా మావయ్య పంచె, ఆడపడుచు పరికిణీ అని వరసగా చెప్పింది. పెరట్లో తాడు తెగిపోతే, పొద్దున్న ఉతికిన తడిబట్టలకు ఆ తీగనే దండెం చేసుకున్నారు. పంచె తీస్తే గొంతు వచ్చింది, చీర తీస్తే మనిషి వచ్చాడు. అత్తగారు సిగ్గుపడి, ఇన్నాళ్ళూ చెప్పలేదేమే అని కోడల్ని కసిరింది. "ఎవులూ అడగలేదు అత్తా" అంది కోడలు. బంగారమ్మ గారు ఆ మాటని నాకు ఎన్నోసార్లు చెప్పారు. చెప్పిన ప్రతిసారీ నవ్వేవారు కానీ, ఆ నవ్వు చివర్లో ఏదో ఆలోచనలో పడేవారు.

అలా దుకాణం నిలబడింది. నేను కూడా మారిపోయాను. ఆవిడ దుకాణంలో పాత క్యాలెండర్ల వెనక లెక్కలు వేసుకోవడం నేర్చుకున్నాను. కోణాలు, ఎత్తులు, ఒకచోట నిలబడి దూరం అంచనా కట్టడం. పుస్తకంలో ఉన్న లెక్కలు కావు, డాబా మీంచి మొదలైన లెక్కలు. ఇప్పుడు మా వీధిలో ఇల్లు కట్టుకునేవాళ్ళు ఇటుకలెన్ని కావాలో, పెళ్ళి చేసేవాళ్ళు బియ్యం ఎంత పొయ్యాలో అడగడానికి నా దగ్గరకే వస్తారు. నాకు అది ఎక్కడ నుంచి వచ్చిందో వాళ్ళకు తెలియదు.

తర్వాత ఊళ్ళోకి కేబుల్ వచ్చింది. స్తంభం మీంచి నల్లతీగ ఒకటి ఇంట్లోకి లాగితే చాలు, బొమ్మ అద్దంలా వచ్చేది. డాబా మీదకి ఎవరూ ఎక్కనక్కర్లేదు. బంగారమ్మ గారి దగ్గరకి సెట్ల కోసం వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. అదే రోజుల్లో సత్యం గారు పోయారు. పెద్దకర్మ అయ్యాక అన్నయ్య వచ్చి, దుకాణానికి తాళం వేసి, ఆవిడను చీడికాడ తీసుకుపోయాడు. ఎదురు చెప్పలేదని విన్నాను. అదే నాకు మింగుడుపడలేదు. కొన్నాళ్ళు ఏ పని చేస్తున్నా మనసు అక్కడికే పోయేది.

ఒకరోజు బస్సెక్కి చీడికాడ వెళ్ళాను. ఆవిడ అరుగు మీద కుర్చీలో ఉన్నారు. ఉతికిన చీర, దువ్విన తల. నన్ను చూసి సంతోషించారు గానీ లేవలేదు. లేస్తే వదిన గారు కూర్చోబెడుతుంది. "మా ఆడపడుచు చేత పుల్ల కూడా తీయించం" అని వదిన గారు నాతో గర్వంగా చెప్పింది. నిజంగా ప్రేమగానే చెప్పింది. భోజనాలయ్యాక బంగారమ్మ గారు కంచం తీసుకుని లేవబోతే, వదిన గారు నవ్వుతూ చేతిలోంచి లాగేసుకుంది. ఖాళీ చేతులు కాసేపు అలాగే గాల్లో ఉండిపోయాయి. ఆవిడ వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు చూశారు.

నేను వాళ్ళన్నయ్యతో, మా డాబా మీద యాంటెన్నా ఇంకా అలాగే ఉంది, తుప్పు పట్టి ఊగుతోంది, గాలివాన వస్తే పక్కింటి రేకుల మీద పడుతుంది, బిగించినావిడే వచ్చి తీయించాలి అన్నాను. అది నిజమే. ఆయన, ఈ వయసులో ఆవిడెందుకమ్మా, ఎవడైనా కుర్రాడు లాగి పారేస్తాడు కదా అంటున్నాడు. ఆ మాట పూర్తయ్యేలోపు బంగారమ్మ గారు లోపలికి వెళ్ళి సంచితో బయటికి వచ్చారు.

వారం రోజులకని వచ్చారు. మా గొట్టం దింపాక, పక్క వీధిలో ఇంకోటి ఊగుతోందని ఎవరో అన్నారు. దాన్ని దింపారు. తర్వాత ఇంకోటి. తాను నిలబెట్టించిన యాంటెన్నాలన్నీ ఆ వానాకాలానికి ముందే దింపాలని పట్టుబట్టారు. ఒకప్పుడు డాబా మీద నిలబడి వాటిని తిప్పిన కోడళ్ళు ఇప్పుడు ఇంటి పెద్దవాళ్ళు. ఒక్క ఇంట్లో కూడా మెట్ల దగ్గర ఎవరూ అడ్డం రాలేదు. అన్నయ్య తీసుకెళ్ళడానికి వచ్చిన రోజు ఆవిడ ఎవరి డాబా మీదో ఉన్నారు. కిందనుంచి ఆయన పిలిస్తే, "ఇంకా చాలా ఉన్నాయి అన్నయ్యా, నువ్వు బస్సు పోగొట్టుకోకు" అని పైనుంచే చెప్పారు. ఆయన తల ఊపుకుంటూ వెళ్ళిపోయాడు. గొట్టాలైపోయాక మా వీధి చివర ఒక గది తీసుకుని మిక్సీలు, ఇస్త్రీపెట్టెలు బాగుచేశారు. ఆవిడ చనిపోయిన వారం కూడా ఆ గదిలో బల్ల మీద ఒక ఫ్యాను సగం విప్పి ఉంది.

ఇవన్నీ తర్వాత సంగతులు. నాకు ఎక్కువగా గుర్తొచ్చేది మా ఇంటి గొట్టం దింపిన పూట. మావయ్య అప్పటికి బాగా పెద్దవారైపోయారు. మెట్ల పక్కన మంచం మీద కూర్చుని ఉన్నారు. బంగారమ్మ గారు మెట్ల దగ్గర ఆగి ఆయన వైపు చూశారు. ఆయన కూడా చూశారు. "ఆ పైమెట్టు కదుల్తాది. సూసుకుని ఎక్కమ్మా" అన్నారు ఆయన.

ఆవిడ ఎక్కారు. నేను వెనకే ఎక్కాను. గొట్టం దగ్గరకు వెళ్ళకుండా ముందు పిట్టగోడ పట్టుకుని నిలబడ్డారు. కొత్త ఇళ్ళు కొన్ని లేచాయి గానీ, చూడాల్సినవన్నీ ఇంకా ఉన్నాయి. ఆవిడ మెల్లగా చుట్టూ తిరిగారు. ఫ్యాక్టరీ పొగగొట్టం, కొండలు, కొబ్బరిచెట్టు. చెట్టుకు కుడిపక్కన ట్యాంకు దగ్గర ఆగిపోయారు. పెదవులు కదులుతున్నాయి. ఇళ్ళు లెక్కపెడుతున్నారు. మధ్యలో కొత్తగా కట్టిన వాటిని వేలితో పక్కకు నెట్టి మళ్ళీ లెక్కపెట్టారు. అప్పుడు నా వైపు తిరిగారు.

"నువ్వు సెప్పినట్టే ఉన్నాది వరాలూ" అన్నారు.

నాకు జీవితంలో ఎవరూ అంత పెద్ద మాట అనలేదు. ఆవిడ మా డాబాను ఎన్నడూ ఎక్కి చూడకుండా, పంతొమ్మిదేళ్ళ కోడలు అరిచి చెప్పిన మాటలు పట్టుకుని, తన దుకాణాన్ని, తన బతుకుని వాటి మీద పెట్టారు. నేను అప్పుడు ఒక్క ఇల్లు తక్కువ చెప్పినా ఆవిడకు తెలిసేది కాదు. అది నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. ఆవిడ మాత్రం అప్పటికే పానా తీసి బిగింపు విప్పుతున్నారు.

ఎవరైనా నన్ను ఏదైనా లెక్క అడిగితే ఇప్పటికీ వెంటనే చెప్పను. వాళ్ళకు విసుగొస్తుంది. ఉజ్జాయింపుగా చెప్పేయండి అంటారు. నేను మళ్ళీ ఒకసారి చూసుకుని, పైకెక్కి సరిచూసుకోలేని మనిషి ఎవరో కింద కిటికీ దగ్గర నిలబడి వింటున్నారనుకుని, అప్పుడు చెబుతాను.